సేకరణలో పొరపాటు

"కన్యలు ఎన్నొచ్చాయి?" అని ఆమె ఒకసారి బస్సులో ఫోను పట్టుకుని గట్టిగా అడిగింది. ముందు సీట్లోని ఇద్దరు పెద్దమనుషులు ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. అవి పండ్ల మీద ముసిరే చిన్న ఈగలని, మగ ఈగ దగ్గరికి రాకముందే ఏరి వేరుచేసిన ఆడ ఈగల్ని ప్రయోగశాలలో అలాగే అంటారని వాళ్లకు విడమరిచి చెప్పే ఓపిక ఆమెకు లేకపోయింది. దిగాల్సిన స్టాపు కంటే ఒక స్టాపు ముందే దిగి నడిచింది.

పన్నెండేళ్లుగా ఆమె పని ఆ కన్యల్ని ఏరడమే. ప్రయోగశాలలో అందరూ ఆమెను ఈగలక్క అంటారు. ఇంట్లో అత్తగారు మాత్రం "మా కోడలిది ఈగల పెళ్లిళ్లు చెడగొట్టే ఉద్యోగం" అంటుంది. రెండింటికీ ఆమె నవ్వి ఊరుకుంటుంది. ఎవరేమన్నా ఈ పనిలో తనకు వంక పెట్టేవాళ్లు లేరని ఆమెకు ధీమా.

సోమవారం పదకొండు గంటలకు ఆ ధీమా కాస్తా జారిపోయింది.

ప్రయోగశాల నడిపే మేడం తన గదిలోకి పిలిచేసరికి పరిశోధక విద్యార్థిని అప్పటికే అక్కడ కూర్చుని ఉంది. నాలుగేళ్లుగా ఒకే ప్రశ్న పట్టుకుని వేలాడుతున్న పిల్ల. ఇంకో మూడు నెలల్లో థీసిస్ ఇవ్వాలి. ఎప్పుడూ గలగలమనే పిల్ల ఆ రోజు తలెత్తలేదు. తెర మీద ఈగ అండాశయం బొమ్మ ఉంది. సన్నని గొట్టం, దాని మొదట్లో ఆకుపచ్చగా మెరుస్తున్న మూడు చుక్కలు.

"ఇవేంటో మీకు తెలుసుగా?" అన్నారు మేడం.

"మూలకణాలు మేడం."

"ఎన్నున్నాయి?"

"మూడు."

"ఇది కన్య. మూడెందుకుండాలి?"

 తన పని ఈగల్ని పెంచడమే అయినా లెక్కలన్నీ ఆమెకూ తెలుసు. ఆ పిల్లే మొదటి ఏడాది బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పింది. గుడ్డు ఎప్పుడు తయారైనా ఆ చుక్కల నుంచే మొదలు. కన్యలో అవి రెండుంటాయి. మగ ఈగతో కలిశాక, అండాశయంలోకి వెళ్లే ఒక నరం చివర ఆక్టోపమైన్ అనే రసాయనం ఊరుతుంది. ఇక పని పడింది, పెరగండి అని ఆ నరం పంపే కబురది. కబురందగానే రెండు చుక్కలు మూడవుతాయి. కడుపునిండా బలమైన తిండి పెట్టినా పెరుగుతాయిగానీ అది వేరే దారి, నరంతో దానికి పని లేదు. అందుకే ప్రయోగం ఈగలన్నిటికీ కొలిచిన మేతే పెడతారు. ఇప్పటికి మూడు విడతల్లో కన్యలకు రెండు, కలిసినవాటికి మూడు అని గీత గీసినట్టు వచ్చింది. నాలుగో విడతలో కన్యలకూ మూడే వచ్చింది.

"ఇవి పోయిన బుధవారం ఏరినవి. ఆ రోజు మీరు మూడింటికే వెళ్లిపోయారట?"

ఆమె విద్యార్థిని వైపు చూసింది. ఆ పిల్ల తన గోళ్లు చూసుకుంటోంది.

"మా అత్తగారు స్నానాల గదిలో జారిపడ్డారని ఫోనొచ్చింది మేడం. మీకు మెసేజ్ పెట్టే వెళ్లాను. మధ్యాహ్నం దాకా వచ్చినవి ఏరేశాను. సీసాలు చల్ల అల్మారాలో పెట్టి వెళ్లాను. మిగతావి గురువారం పొద్దున్నే ఏరి అవే ట్యూబుల్లో వేశాను."

"పెట్టారా? బాగా గుర్తుందా?"

అలా అడగకుండా ఉంటే బాగుండేది. పుట్టిన ఎనిమిది గంటల్లోపు ఆడవాటిని మగవాటి నుంచి వేరు చేయకపోతే అవి ఇక కన్యలు కావు. చల్ల అల్మారాలో పెడితే ఎదుగుదల మందగించి తెల్లారేదాకా గడువు దొరుకుతుంది. బయటే వదిలేస్తే దొరకదు. ఆమె ఆ బుధవారాన్ని గుర్తు చేసుకుంది. ఫోను మోగడం గుర్తుంది. భర్త గొంతు గుర్తుంది. సంచీ భుజాన వేసుకోవడం, లిఫ్టు రాకపోతే మెట్లు దిగి పరుగెత్తడం గుర్తుంది. అల్మారా తలుపు గుర్తు లేదు. ఆ తలుపు తను వేలసార్లు తీసి వేసింది, కావలసిన ఆ ఒక్కసారి మాత్రం ఎంత తవ్వినా దొరకలేదు.

"పెట్టాను మేడం," అంది. గొంతు తనకే నమ్మకంగా వినిపించలేదు.

మేడం ఒక కాగితం ముందుకు జరిపారు. అందులో రెండే లైన్లున్నాయి. నాలుగో విడతలో కన్య ఈగల సేకరణలో పొరపాటు జరిగినందున ఆ ఫలితాలు లెక్కలోకి తీసుకోరాదు అని. కింద ఆమె సంతకానికి చోటు.

"గురువారం థీసిస్ కమిటీ వాళ్లొస్తారు. ఈ విడత ఎందుకు తీసేశామో చూపించాలి. ఇందులో తప్పు పట్టడానికేం లేదమ్మా, మనుషులం. సంతకం పెట్టేస్తే అయిపోతుంది. అన్నట్టు, మీ కాంట్రాక్టు పొడిగింపు కాగితం కూడా గురువారమే ఆఫీసుకు వెళ్లాలి. నా దగ్గరే ఉంది."

ఆ రెండు మాటలకూ సంబంధం లేదని మేడం ఉద్దేశం కావచ్చు. ఆమెకు మాత్రం రెండూ కలిపే వినిపించాయి. కన్యల్ని ఏరడమే చేతకాని మనిషికి ఈగల గదిలో ఏం పని? ఈ కాగితం మీద పేరు పడ్డాక ఆ పొడిగింపు ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడైనా ఆగుతుంది.

"రేపటిదాకా టైమివ్వండి మేడం," అని లేచింది. 

ఇంటికెళ్లేసరికి అత్తగారు కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఎముక విరగలేదు, బెణికిందంతే. కానీ దర్జా మాత్రం ఎముక విరిగినవాళ్లదే.

"టీ పెట్టు తల్లీ. నీ కొడుకు టీ పెడితే గిన్నె కడిగిన నీళ్లలా ఉంది."

"ఆయన నా కొడుకు కాదు అత్తయ్యా, మీ కొడుకు."

"పెళ్లయ్యాక నీ పూచీయేగా!"

ఆమె టీ పెట్టి ఇచ్చింది. అత్తగారు ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"పంచదార రెండుసార్లు వేశావే! నీ ధ్యాస ఎక్కడుంది?"

"ఒకసారే వేశాను."

"నువ్వు ఒకసారే వేశావు. నీ చెయ్యి రెండోసారి వేసింది. చూస్తూనే ఉన్నాగా, డబ్బా మూత పెట్టి మళ్లీ తీశావు."

భర్త బ్యాంకు గుమాస్తా. చెప్పులు విప్పుతూనే సంగతి పసిగట్టాడు. ఆమె చెప్పిందంతా విని, "పెట్టేసెయ్యరాదూ సంతకం, గొడవ వదిలిపోతుంది. మా దగ్గర రోజుకు పది పొరపాట్లు రాస్తాం," అన్నాడు.

"చేసుంటే పెడతాను. చేశానో లేదో తెలియకుండా ఎలా పెట్టనండీ?"

"చేయలేదని తెలుసా మరి?"

 అసలు బాధంతా అదే. తప్పు చేయలేదని తెలిస్తే పోట్లాడవచ్చు, చేసిందని తెలిస్తే తల దించుకోవచ్చు. ఇప్పుడు ఏదీ తెలియదు. అన్నం సయించలేదు.

మంగళవారం ఏడున్నరకే ఈగల గదికి వెళ్లింది. సీసాలు తీసి, మత్తు గాలి వచ్చే తెల్ల పలక మీద ఈగల్ని దులిపి, మైక్రోస్కోపు కింద సన్న కుంచెతో ఏరడం మొదలుపెట్టింది. అప్పుడే పుట్టిన ఆడ ఈగ పాలిపోయినట్టుంటుంది. రెక్కలు ఇంకా మడతలు విప్పవు. పొట్టలో నల్లటి మచ్చ ఒకటి కనిపిస్తుంది. మచ్చ ఉంటే ఎడమ పక్కకు, లేకపోతే కుడి పక్కకు. మామూలుగా అయితే నిమిషానికి ముప్ఫై ఏరుతుంది. ఆ రోజు ఒక్కో ఈగనూ మూడుసార్లు తిప్పి చూసింది. పన్నెండేళ్లలో మొదటిసారి తన కళ్లను తనే నమ్మలేకపోయింది.

పది గంటలకు విద్యార్థిని లోపలికొచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

"అక్కా, కోపమా?"

"నాకెందుకమ్మా కోపం. అడిగితే చెప్పావు."

"మేడం ఆ రోజు ఎవరెవరున్నారని అడిగారక్కా. అబద్ధం చెప్పలేక..."

"అబద్ధం చెప్పమన్నానా? ఎందుకెళ్లానో కూడా చెప్పుంటే బాగుండేది."

ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది. ఆమెకు జాలీ వేసింది, ఒళ్లూ మండింది. ఒక్క విడత చెడిపోతే మళ్లీ నెల పని. ఆ నెల ఆ పిల్లకు లేదు. ఆ సంగతి తెలుసు గనుకే ఇంకేమీ అనలేకపోయింది.

"కన్య కాకపోతే గుడ్లలోంచి పురుగులు రావాలి కదక్కా," అంది విద్యార్థిని ముక్కు ఎగబీలుస్తూ. "శనివారం ఈగల్ని కోసేటప్పుడు అవి ఉన్న ట్యూబులు ఉంచుకోవాల్సింది. నాకు తట్టలేదు. అన్నీ కడగడానికి పంపేశాను."

ఆమె చేతిలో కుంచె ఆగిపోయింది.

కన్య ఈగ కూడా గుడ్లు పెడుతుంది. కాకపోతే వాటిలోంచి పురుగులు రావు, అలాగే ఎండిపోతాయి. మగ ఈగతో కలిసినదైతే ఆరు రోజులకు ట్యూబు నిండా తెల్లటి పురుగులు లుకలుకలాడుతుంటాయి, గోడలు పట్టుకుని పైకి పాకుతుంటాయి. అది చూడటానికి మైక్రోస్కోపు కూడా అక్కర్లేదు. ఈ ముక్క నిన్ననే తట్టనందుకు తనను తాను తిట్టుకుంటూ ఆమె కుంచె పడేసి లేచింది.

కడిగే గది భవనం వెనక భాగంలో ఉంది. వాడిన గాజు సామానంతా పెద్ద ఆవిరి డ్రమ్ములో పెట్టి ఈగల్నీ క్రిముల్నీ చంపాకే అక్కడ కడుగుతారు. ఆ గది చూసే పెద్దాయన్ని అందరూ బాబాయ్ అంటారు. ఆమె వెళ్లేసరికి ఆయన బల్ల మీద కాళ్లు చాపుకుని పేపరు చదువుతున్నాడు.

"బాబాయ్, శనివారం మా ట్రేలు..."

"నువ్వు కూడా తిట్టడానికే వచ్చావా? నేనేం చేయనమ్మా! డ్రమ్ము మూతకు రబ్బరు పోయి శుక్రవారం నుంచి ఆవిరి పట్టట్లేదు. ఫిర్యాదు రాసి నాలుగు రోజులైంది, వచ్చిన నాథుడు లేడు. సామానంతా అలాగే పడి ఉంది. పైఅంతస్తు వాళ్లైతే నన్ను నమిలేస్తున్నారు."

"పడి ఉందా?" అంది ఆమె. "కడగలేదా?"

"కడగలేదనేగా తిట్లు!"

"నీ కడుపు చల్లగా ఉండ బాబాయ్!"

పని చేయనందుకు దీవెనలు అందుకోవడం పెద్దాయనకు అదే మొదటిసారి అయ్యుండాలి. పేపరు దించి నోరు తెరిచి చూశాడు. ఆమె అప్పటికే గోడవార పేర్చిన ట్రేల ముందు చతికిలబడింది. ఐదో ట్రే తన రాతతో దొరికింది. నీలం పెన్నుతో 'క' అని, కింద బుధవారం తేదీ. పది ట్యూబులు. ఒకటి తీసి కిటికీ వెలుగుకు పట్టింది. మేత మీద బియ్యపు నూక కంటే సన్నగా గుడ్లున్నాయి. పురుగు లేదు. రెండోది తీసింది. లేదు. పదో ట్యూబు తీసేసరికి చేతికి చెమట పట్టి గాజు జారుతోంది. పదింటిలోనూ ఒక్క పురుగైనా లేదు.

అక్కడే నేల మీద కూర్చుండిపోయి కొంగుతో మొహం తుడుచుకుంది. చల్ల అల్మారా తలుపు తను తీసింది, సీసాలు పెట్టింది, మళ్లీ వేసింది. గుర్తు లేకపోయినా చేసింది.

బుధవారం పొద్దున మేడం పది ట్యూబులనూ ఒక్కొక్కటే లెన్సు కింద పెట్టి చూశారు. 

"ఇవి కన్యలే," అన్నారు చివరికి. కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "చూడకుండా మిమ్మల్ని అన్నాను. తప్పు నాదే. ఏమీ అనుకోకండి."

మేడం అలా అనగలరని ఆమె అనుకోలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతకం లేని ఆ కాగితాన్ని మేడం మడిచి పక్కన పెట్టారు. పొడిగింపు కాగితం తీసి అప్పటికప్పుడే సంతకం చేసి ఆమె చేతిలో పెట్టారు.

"అంటే మేడం," విద్యార్థిని కుర్చీ అంచుకు జరిగింది, "కన్యలై ఉండి కూడా మూడొచ్చాయంటే..."

"అదే ఆలోచిస్తున్నాను. మగ ఈగ లేకుండానే ఆ నరం కబురు పంపిందా?"

"పక్క అరలోనే మగవాటి ట్యూబులున్నాయి మేడం. ఆ వాసనకే ఆక్టోపమైన్ వచ్చి ఉంటే?"

"వాసనకే!" మేడం బోర్డు దగ్గరికి వెళ్లి బాణం గుర్తులు గీయడం మొదలుపెట్టారు. "రేపు కమిటీకి ఇదే చెబుదాం. పొరపాటు కాదు, కొత్త సంగతి."

విద్యార్థిని ఆమెను గట్టిగా వాటేసుకుంది. "నీ వల్లే అక్కా! నువ్వు ఆ ట్యూబులు వెతక్కపోయుంటే ఇది చెత్తబుట్టలోకి పోయేది."

ఆమె ట్రే పట్టుకుని ఈగల గదికి వచ్చింది. మూడు రోజుల తర్వాత ఆకలేసింది. అన్నం డబ్బా మూత తీసినా, ముందు ఆ ట్యూబుల్ని జాగ్రత్త చేద్దామనిపించింది. కమిటీ వాళ్లు అడిగితే చూపించాలి కదా. ఒక్కోదానికీ కొత్త దూది బిరడా పెడుతూ, ముచ్చటకొద్దీ ఒకదాన్ని మైక్రోస్కోపు కింద పెట్టింది. తనను కాపాడిన గుడ్లను ఒకసారి దగ్గరగా చూద్దామని.

గుడ్లు తెల్లగా వరసగా ఉన్నాయి. వాటి పక్కన, మేత అంచున, గోధుమ రంగు రేణువులున్నాయి. ఈగలు నాకగా మిగిలినవి, నాని ఉబ్బి ఉన్నాయి.

ఈస్ట్.

ఆమె ఇంకో ట్యూబు పెట్టింది. అందులోనూ ఉంది. ఇంకోటి. పదింటిలోనూ ఉంది, అన్నిటిలోనూ ట్యూబు మీది చీటీకి ఎడమ అంచునే. కుడిచేత్తో ట్యూబు పట్టుకుని ఎడమచేత్తో చిటికెడు రాల్చే మనిషి ఈ గదిలో ఒక్కతే ఉంది.

పెంపకం సీసాలకు ప్రతిదానికీ చిటికెడు ఈస్ట్ వేయాలి. ఈగలు బలంగా పెరగడానికి. రోజుకు వంద సీసాలు, వంద చిటికెలు. ప్రయోగం ట్యూబులకు మాత్రం ఒక్క రేణువు కూడా తగలకూడదు. ఆ మాట గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి అతికించిందీ ఆమే. ఆ బుధవారం ఫోను వచ్చాక తల ఇంటికి వెళ్లిపోయింది, చేతులు ఇక్కడే ఉండి అలవాటైన పనులన్నీ చేసేశాయి. సీసాలు అల్మారాలో పెట్టాయి. ట్యూబుల్లో ఈస్టూ వేశాయి. కన్యలకు మూడు చుక్కలు వచ్చింది నరం వల్ల కాదు, వాసన వల్లా కాదు. తిండి వల్ల.

అన్నం డబ్బా మూత మళ్లీ పెట్టేసింది.

ఆ ట్యూబుల్ని ఇప్పుడే కడిగే గదిలో పడేస్తే ఎవరికీ తెలియదు. మేడం పురుగులున్నాయా అని చూశారే తప్ప మేత అంచు చూడలేదు. సంతకమైన కాగితం సంచీలో ఉంది. ఆ పిల్ల ఎంత సంతోషంగా ఉంది! వచ్చే విడతలో కన్యలకు మళ్లీ రెండే వస్తాయి. అప్పుడు వాళ్లే బుర్రలు బద్దలు కొట్టుకుని వదిలేస్తారు. ఇలా ఎన్నెన్నో చెప్పుకుంది. సాయంత్రం బస్సులో తన స్టాపు దాటి రెండు స్టాపులు ముందుకు వెళ్లిపోయింది.

"గొడవ తీరిందన్నావుగా, మళ్లీ ఆ మొహమేంటి?" అన్నాడు భర్త.

"తీరింది," అంది.

అత్తగారు టీ కప్పు అందుకుని, తాగేముందు అనుమానంగా ఆమె వైపు చూసింది. "ఈసారి నువ్వు వేశావా, నీ చెయ్యి వేసిందా?"

ఎప్పుడూ నవ్వే మాటకు ఆమె చటుక్కున వంటింట్లోకి వెళ్లిపోయింది. పంచదార డబ్బా ముందు నిలబడి చాలాసేపు ఏడ్చింది. మూడు రోజులు తనను దొంగను చూసినట్టు చూశారని ఏడ్చింది. ఇప్పుడు నిజంగానే దొంగనవుతున్నానని ఏడ్చింది.

గురువారం పొద్దున ఎనిమిదింటికి మేడం గది తలుపు తట్టింది. కమిటీ వచ్చేది పదింటికి. విద్యార్థిని ల్యాప్‌టాప్‌లో బొమ్మలు సర్దుతోంది. ఆమె ట్రేను బల్ల మీద పెట్టింది.

"మేడం, మేత అంచు చూడండి."

మేడం చూశారు. రెండో ట్యూబు, మూడో ట్యూబు. లెన్సు మీద నుంచి తలెత్తకుండానే అడిగారు.

"ఎవరు వేశారు?"

"నేనే మేడం. ఆ బుధవారమే. వేసినట్టు గుర్తు లేదు. కానీ ఆ గదిలో ఎడమచేత్తో వేసేది నేనొక్కదాన్నే."

విద్యార్థిని చెయ్యి కీబోర్డు మీదే ఆగిపోయింది. తెర మీద వాసన బాణాలున్న కొత్త బొమ్మ వెలుగుతోంది.

"నిన్న పొద్దున తెలుసా మీకు?"

"లేదు మేడం. మధ్యాహ్నం తెలిసింది. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేకపోయాను."

ఆమె సంచీలోంచి పొడిగింపు కాగితం తీసి ట్రే పక్కన పెట్టింది. తర్వాత, "మొన్న నన్ను సంతకం పెట్టమన్న కాగితం ఉందా మేడం?" అని అడిగింది.

మేడం సొరుగులోంచి మడత పెట్టిన కాగితం తీశారు. ఆమె దాన్ని విప్పి బల్ల మీద చదును చేసింది. నీలం పెన్నుతో 'కన్య ఈగల సేకరణలో' అన్న మాటలు కొట్టేసి, పైన 'మేతలో' అని రాసింది. ఆ రెండు లైన్లలో మిగతాదేదీ ముట్టుకోవలసిన అవసరం రాలేదు. కింద సంతకం పెట్టి తేదీ వేసింది.

మేడం ఆ దిద్దుబాటును కాసేపు చూశారు. తర్వాత పొడిగింపు కాగితాన్ని తీసుకుని, మళ్లీ ఆమె చేతికే ఇచ్చారు.

"ఇది నాకెందుకు? ఆఫీసులో ఇవ్వండి. నాలుగింటికి కిటికీ మూసేస్తారు."

 విద్యార్థిని బొమ్మలోని బాణాలు ఒక్కొక్కటే చెరిపేస్తూ కూర్చుంది. ఆమె గుమ్మం దాటే ముందు వెనక్కి చూసింది. ఆ పిల్ల మొహం చూడటం మూడు రోజుల భయం కంటే కష్టంగా అనిపించింది.

మధ్యాహ్నం ఆఫీసు కిటికీలో కాగితం ఇచ్చేసి వచ్చి ఆమె మళ్లీ పలక ముందు కూర్చుంది. సీసా దులిపి కుంచె అందుకుంటుంటే తలుపు తెరుచుకుంది. విద్యార్థిని కళ్లు ఎర్రగా ఉన్నాయి. కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది. 

"నెల పడుతుందక్కా మళ్లీ."

"పడుతుంది."

"మేడం గడువు అడుగుతానన్నారు. ఇస్తారో లేదో తెలియదు."

ఆమె పక్కనున్న ఈస్ట్ డబ్బా తీసి మూత బిగించి ఆ పిల్ల ఒళ్లో పెట్టింది.

"ఇది నీ గదిలో ఉంచుకో. పెంపకం సీసాలకు కావాలంటే వచ్చి నిన్ను అడుగుతాను. అడిగినప్పుడల్లా ఎందుకని నన్ను అడుగు."

ఆ పిల్ల డబ్బాను రెండు చేతులతో పట్టుకుంది. కాసేపటికి ముందుకు వంగి పలక మీదికి చూస్తూ నెమ్మదిగా అడిగింది.

"కన్యలు ఎన్నొచ్చాయక్కా?"

"పన్నెండు," అంది ఆమె. మళ్లీ లెక్కపెట్టి, "కాదు, పదకొండు," అంది.